పెరటి వాకిలి చరిత్ర – 9: వెండిసామాను పక్కన పడక

వేల్స్‌లో రెక్సమ్ ఊరి పక్కన ఎర్డిగ్ అనే పాత బంగళా ఉంది. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు సింహద్వారం వైపు కాకుండా, వడ్రంగి కొట్టం, కమ్మరి కొలిమి, గుర్రపుశాల, బట్టలుతికే గదులు, వంటిల్లు దాటుకుంటూ పనివాళ్ళ దారినే లోపలికి పోవాలి. దొరగారి హాలు ఆ తర్వాతే. ఇంటి ఆఖరి వారసుడు ఫిలిప్ యార్క్ 1973లో బంగళాని నేషనల్ ట్రస్టుకి అప్పగించాడు. 1977లో జనానికి తలుపులు తెరిచినప్పుడు ట్రస్టువాళ్ళు ఏర్పాటు చేసిన దారి అది. మన ధారావాహికదీ అదే దారి గనక, పోయిన వారం వంటింట్లో ఆగినవాళ్ళం ఈ వారం నాలుగడుగులు ముందుకేసి బట్లరు గదిలోకి పోదాం. దీన్ని బట్లర్స్ ప్యాంట్రీ అంటారు. ప్యాంట్రీ అన్నారు కదా అని జాడీలు, డబ్బాలు వెతక్కండి. వంటసరుకులతో ఈ గదికి పనిలేదు. ఇక్కడుండేవి వెండి, గాజు, తాళంచెవులు. చాలా ఇళ్ళలో ఒక మంచం కూడా.

మంచం ఎందుకు? రాత్రిపూట వెండిసామాను దగ్గర మనిషి పడుకోవాలి గనక. గోడలోకి దించిన ఇనప్పెట్టె, లేదా ఇనపతలుపున్న చిన్న కొట్టు, ప్యాంట్రీకి ఆనుకునే ఉండేది. లోపలి అరలకి ఆకుపచ్చ ఉన్నిగుడ్డ పరిచి ఉండేది, వెండి గీసుకుపోకుండా. బట్లరు కింద పనిచేసే అండర్‌బట్లరో, ఫుట్‌మన్ కుర్రాడో ఆ తలుపు పక్కనే పడుకునేవాడు. పగలు మంచాన్ని మడిచి బీరువాలాంటి చెక్కపెట్టెలోకి తోసేస్తే, అక్కడ మనిషి నిద్రపోతాడన్న జాడే కనపడేది కాదు. దొంగ వచ్చాడంటే మొదట ఎదురుపడేది ఆ ఇంట్లో అందరికన్నా విలువైన మనిషి కాదు, అన్నిటికన్నా విలువైన సామాను పక్కన పడుకున్న మనిషి.

గది ఎక్కడుండాలన్న దాని మీద కూడా పెద్ద ఆలోచనే నడిచింది. రాబర్ట్ కెర్ అనే వాస్తుశిల్పి 1864లో పెద్దమనుషుల ఇళ్ళ నిర్మాణం గురించి లావుపాటి పుస్తకం ఒకటి రాశాడు. యజమాని కుటుంబం ఒక లోకం, పనివాళ్ళది మరో లోకం, ఒకరి కంట ఒకరు పడకుండా, ఒకరి మాట ఒకరికి వినపడకుండా ఇల్లు కట్టాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ రెండు లోకాల సరిహద్దు మీద పడిన గది ప్యాంట్రీ. భోజనాల గదికి దగ్గరగా ఉండాలి, ద్రాక్షసారా కొట్టు మెట్లు అందుబాటులో ఉండాలి, కిటికీలోంచి వాకిట్లోకి వచ్చే బండి కనపడాలి. అతిథి గంట మోగించేలోపే బట్లరు కోటు సర్దుకుని తలుపు దగ్గర నిలబడి ఉండేవాడంటే మాయేమీ లేదు. కిటికీలోంచి చూశాడు, అంతే.

లోపల తొట్లు రెండు రకాలు. వెండి కడగడానికి సీసపు రేకు తొడిగిన తొట్టి, గాజుకి ఉత్త చెక్క తొట్టి. రాతి తొట్టిలో వేస్తే ఖరీదైన గాజు అంచు చిట్లుతుంది. సారా వడకట్టి పోసే డికాంటర్ల మెడలు మరీ సన్నం. వాటిలోకి వేళ్ళు దూరవు. కోడిగుడ్డు పెంకులు చిదిపి వేసో, సీసపు గుళ్ళు వేసో, నీళ్ళు పోసి గిలకొట్టి మురికి వదిలించేవాళ్ళు.

వెండి తోమడం వేరే తపస్సు. మనవాళ్ళు ఇత్తడిబిందెకి చింతపండు పట్టించి రెండు రుద్దులు రుద్ది బోర్లించినంత తేలిగ్గా అయ్యేది కాదది. రూజ్ అని ఎర్రటి మెత్తని పొడి ఉంటుంది, ఇనప తుప్పు జాతిదే. దాన్ని అమోనియాతో ముద్దచేసి, గుడ్డతో కాక, ఒట్టి వేళ్ళతో, బొటనవేలి కింది కండతో వెండి మీద రుద్దాలి. గుడ్డకి ఒత్తిడి తెలియదు, వేలికి తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. చెంచా కాడ మీద చెక్కిన కుటుంబ చిహ్నం గీతల్లో పొడి మిగిలితే మళ్ళీ మొదలు. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి వారాల్లోనే వేళ్ళు బొబ్బలెక్కేవి. బొబ్బలు చితికినా పని ఆగేది కాదు, వాటిమీదే రుద్దాలి. కొన్నాళ్ళకి చర్మం కాయకట్టి గట్టిపడేది. అలాంటి చేతుల్ని 'ప్లేట్ హ్యాండ్స్' అని ఆ వృత్తిలోవాళ్ళు ఒకింత గర్వంగానే చెప్పుకునేవాళ్ళు. పైన బల్ల దగ్గర కూర్చున్న దొరసాని వెండి పళ్ళెంలో తన ముఖం చూసుకోగలిగిందంటే, కింద ఒక పదహారేళ్ళవాడి వేలిముద్రలు అరిగిపోయాయన్నమాట. ముద్రలు మాసిన ఆ వేళ్ళని కూడా కప్పేస్తూ, వడ్డనకి వెళ్ళేటప్పుడు చాలా ఇళ్ళలో తెల్లటి తొడుగులు.

19వ శతాబ్దం నడిమికి ఈ చాకిరీ ఇంకా పెరిగింది. అంతకుముందు వంటకాలన్నీ ఒక్కసారే బల్ల మీద పేర్చి, ఎవరికి అందినవి వాళ్ళు తినేవాళ్ళు. తర్వాత రష్యా పద్ధతి అని కొత్త వడ్డన వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటిగా వంటకాలు, ప్రతి వంటకానికీ వేరే కత్తి, వేరే ముల్లుగరిట, ప్రతి అతిథి భుజం పక్కన పళ్ళెం పట్టుకుని వంగే ఫుట్‌మన్. విందు ముగిశాక ప్యాంట్రీలో లెక్క. చెంచాలు, ముల్లుగరిటలు, ఉప్పుగిన్నెలు చిట్టాతో సరిపోతేనే ఇనప్పెట్టె మూతపడేది. కొత్త బట్లరు ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ చిట్టా చదివి సంతకం పెట్టి సామాను ఒప్పుకోవాలి. పోతే జవాబుదారీ అతనిదే.

మరి అతని జీతం? 1861లో మిసెస్ బీటన్ ఇంటి నిర్వహణ మీద పుస్తకం వేసింది. అప్పటికి ఆమెకి పాతికేళ్ళు. అందులో జీతాల పట్టిక ఉంది. బట్లరుకి ఏడాదికి 25 నుంచి 50 పౌన్లు. అంట్లు తోమే పిల్లకి 5 నుంచి 9 పౌన్లు. ఇంకో రకంగా చెప్పాలంటే, బట్లరు రోజూ తాళంవేసి తీసే అరలో అతని కొన్నేళ్ళ జీతం పేర్చి ఉండేది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఆ గది మొత్తం అర్థమవుతుందని నాకనిపిస్తుంది. గొప్పింటి పనివాళ్ళలో పెత్తనం జీతం వెంట నడవలేదు, తాళంచెవుల వెంట నడిచింది. వెండి తాళం, సారా కొట్టు తాళం బట్లరువి. దుప్పట్లు, చక్కెర, తేయాకు ఉన్న కొట్ల తాళాలు హౌస్‌కీపరువి. ఎవరి నడుముకి గుత్తి లేదో వాళ్ళు ఎన్నేళ్ళు చేసినా కిందివాళ్ళే.

బట్లరు మొదట్నుంచీ ఇంత పెద్దవాడేమీ కాదు. 18వ శతాబ్దపు మహాభవనాల్లో అతని పైన హౌస్ స్టీవర్డ్ అనే అధికారి ఉండేవాడు. లెక్కలు, జీతాలు, పనిలోంచి తీసేయడాలు అన్నీ ఆయనవే. మగ పనివాళ్ళని పెట్టుకోవడం రానురాను ఖరీదైపోయేసరికి చాలా ఇళ్ళలో ఆ పదవి పోయి, పెత్తనం బట్లరుకి దక్కింది. ఆ ఖర్చు పెరగడంలో సర్కారు చెయ్యి కూడా ఉంది. అమెరికా వలసలతో యుద్ధం ఖర్చులకని 1777లో లార్డ్ నార్త్ మగ పనివాళ్ళ మీద పన్ను వేశాడు, తలకి ఒక గినీ. 1785లో ఆడవాళ్ళ మీద కూడా వేసి చూశారు గానీ, గోల భరించలేక ఏడేళ్ళకే ఎత్తేశారు. మగవాళ్ళ మీది పన్ను మాత్రం రూపాలు మార్చుకుంటూ 1937 దాకా బతికింది. ఫలితం రెండు విధాలుగా తిరిగింది. స్తోమత లేని ఇళ్ళు మగవాళ్ళని తగ్గించి ఆడవాళ్ళతో సరిపెట్టుకున్నాయి. స్తోమత ఉన్నవాళ్ళకి పన్ను కట్టి మరీ పెట్టుకున్న మగ పనివాడు ఊరికి చూపించుకునే వస్తువయ్యాడు. అందుకే ఫుట్‌మన్లకి జరీ అంచుల దుస్తులు, పొడి చల్లిన జుట్టు. ఒకే ఎత్తు కుర్రాళ్ళని జతగా ఏరుకునేవాళ్ళు, ఆరడుగులవాడికి జీతం ఎక్కువ. అసలు పేరేదైనా చాలా ఇళ్ళలో జేమ్స్ అనో జాన్ అనో పిలిచేవాళ్ళు. పేరు మనిషిది కాదు, కుర్చీది అన్నట్టు.

బట్లరుకి ఆ జరీ దుస్తులుండవు. మామూలు పెద్దమనిషి బట్టలే, కాకపోతే ఎక్కడో ఒకచోట పొరపాటున్నట్టుండాలి. కోటుకి కుదరని టై, వేళ కాని వేళ తొడిగిన ఒక రంగు. లేకపోతే అతిథి అతన్నే దొరననుకుని చెయ్యి కలిపే ప్రమాదం. ఆ వర్గం కనిపెట్టిన చిన్నచిన్న క్రూరత్వాల్లో ఇంత తెలివైనది మరొకటి నాకు తట్టలేదు.

సారా సంగతి వేరు. అక్కడ బట్లరు పనివాడిగా కాక, విద్య తెలిసినవాడిగా నిలబడేవాడు. 19వ శతాబ్దంలో చాలాకాలం పెద్ద ఇళ్ళకి సారా సీసాల్లో వచ్చేది కాదు, పీపాల్లో వచ్చేది. పోర్టు సారా పీపా ఒక్కటి దించితే యాభై డజన్ల పైచిలుకు సీసాలు నిండుతాయి. కోడిగుడ్డు తెల్లసొన వేసి మడ్డి దించడం, సీసాల్లోకి ఎత్తడం, బిరడా బిగించడం, పక్కవాటంగా పేర్చడం బట్లరు పని. ఏ అరలోంచి ఏ రోజు ఎన్ని సీసాలు పైకి వెళ్ళాయో సెల్లార్ బుక్కులో రాయాలి. పాత సారాని డికాంటర్‌లోకి వంచేటప్పుడు సీసా మెడ వెనక కొవ్వొత్తి పెట్టి, మడ్డి నల్లటి దారంలా మెడలోకి వచ్చిన క్షణాన చెయ్యి ఆపాలి. చెయ్యి వణికితే ఇరవయ్యేళ్ళ సారా బురద.

జీతం కాక బట్లరుకి మామూళ్ళుండేవి. కాలిపోగా మిగిలిన మైనపు కొవ్వొత్తి ముక్కలు, ఖాళీ సీసాలు అతనివి. వంటమనిషికి మాంసం కాల్చగా కారిన కొవ్వు, దొరసాని పరిచారికకి పాత గౌన్లు. వీటికితోడు అతిథులు వెళ్ళేటప్పుడు ఇచ్చుకోవాల్సిన ఈనాములు. 18వ శతాబ్దంలో ఇవి ఎంత ముదిరాయంటే, స్నేహితుడింట్లో భోంచేసి బయటపడేటప్పుడు హాల్లో వరసగా నిలబడ్డ పనివాళ్ళందరికీ చేతిలో పెట్టుకుంటూ పోవాలి. పేదవాడైన అతిథి విందుకి రావాలంటేనే భయపడేవాడు. ఇక ఇవ్వొద్దని పెద్దమనుషులు కట్టు కట్టుకుంటే, 1764లో లండన్ రానెలా తోటల్లో ఫుట్‌మన్లు తిరగబడ్డారు. దీపాలు పగలగొట్టారు, రాళ్ళు విసిరారు. జీతాలు పెంచకుండా ఈనాములు ఆపమంటే ఎలా అన్నది వాళ్ళ వాదన. నా ఓటు వాళ్ళకే. జొనాథన్ స్విఫ్ట్ మాత్రం పనివాళ్ళకి 'సలహాలు' ఇస్తున్నట్టు వెటకారపు పుస్తకం ఒకటి రాసి పెట్టుకున్నాడు. ఆయన పోయాక 1745లో అచ్చయిన ఆ పుస్తకంలో బట్లరు కొవ్వొత్తి ముక్కల కక్కుర్తికి బాగానే చోటు దక్కింది.

నమ్మి ఇల్లంతా అప్పగించడం, రాత్రి పడుకునేముందు అదే మనిషిని అనుమానించడం. ఈ రెండూ ఒకే కప్పు కింద ఎలా కాపురం చేశాయో చూడాలంటే కొంచెం దారి తప్పి లండన్ వెళ్ళాలి. 1840 మే 6 పొద్దున పార్క్ లేన్ దగ్గరి నార్‌ఫోక్ వీధిలో డెబ్బయ్యేళ్ళు దాటిన లార్డ్ విలియం రసెల్ మంచం మీదే గొంతు తెగి కనిపించాడు. ఇంట్లో ఉన్న పనివాళ్ళు ముగ్గురు: వంటమనిషి, పనిమనిషి, కొద్ది వారాల కిందటే చేరిన స్విట్జర్లాండ్ కుర్రాడు కూర్వాజియే. సామాను చెల్లాచెదురుగా పడి ఉంది, బయటి దొంగల పని అన్నట్టు. పోలీసులకి అది అతకలేదు. తలుపు మీది గాట్లు బయటినుంచి పడ్డవి కావు. వాళ్ళు కూర్వాజియే చూసుకునే ప్యాంట్రీలో వెతికి, గోడ అడుగున బిగించిన చెక్కపట్టీ ఊడదీశారు. వెనక ఉంగరాలు, బంగారు నాణేలు. మాయమైన వెండి విచారణ జరుగుతుండగా లెస్టర్ ప్లేస్‌లోని ఒక హోటల్లో బయటపడింది. అతను ఎప్పుడో అక్కడ దాచమని ఇచ్చి వెళ్ళిన పొట్లంలో. జూలై 6న న్యూగేట్ జైలు ముందు కూర్వాజియేని ఉరి తీశారు. చూసిన వేలమందిలో రచయితలు డికెన్స్, థాకరే కూడా ఉన్నారు.

ఆ ఉరి తర్వాత లండన్ దొరలు ఎంతమంది పడకగదికి గడియ పెట్టుకున్నారో గానీ, బట్లర్లని మానేసినవాళ్ళెవరూ లేరు. మానేస్తే వెండి ఎవరు తోముతారు?

తిరిగి ఎర్డిగ్‌కి వద్దాం. ఇతర బంగళాల గోడలకి దొరల బొమ్మలుంటే, ఇక్కడ పనివాళ్ళ నేలమాళిగలో పనివాళ్ళవే తైలవర్ణ చిత్రాలున్నాయి. 1790ల నుంచి యార్క్ కుటుంబం వేయించినవి. వడ్రంగి, వేటకాపరి, వంటమనిషి, ఒక్కొక్కరి మీదా యజమాని అల్లిన పద్యాలు. 87 ఏళ్ళ జేన్ ఎబ్రెల్ అనే ముసలామె చీపురుతో కూర్చుని ఉంటుంది, సాలెగూళ్ళు దులపడం ఆమె పని. కెమెరా వచ్చాక 1852లో పనివాళ్ళందరినీ ఎవరి పనిముట్టు వాళ్ళ చేత పట్టించి ఫొటో కూడా తీయించారు. ఇంత ప్రేమ చూపిన ఇల్లే 1907లో తమ వంట-ఇల్లు చూసుకునే ఆమె వందల పౌన్లు కాజేసిందని కోర్టుకెక్కింది. జ్యూరీ ఆమెని నిర్దోషిగా వదిలేసింది. పద్యం రాయడం వేరు, పద్దు అప్పగించడం వేరు.

ఈ ఎర్డిగ్‌కి మన వైపు నుంచి కూడా ఒక దారముంది. ఆ ఎస్టేటు పక్కనే ప్లాస్ గ్రోనో అనే ఇల్లు ఎలైహు యేల్ కుటుంబానిది. 1687 నుంచి 1692 దాకా మద్రాసు సెయింట్ జార్జి కోట గవర్నరు ఆయనే. మచిలీపట్నం, విశాఖపట్నం వర్తక స్థావరాలు ఆ కోట అదుపులోనే నడిచేవి. సొంత వ్యాపారాల మీద ఆరోపణలొచ్చి పదవి పోయినా, సంపాదించుకున్నది తెచ్చుకున్నాడు. ఎర్డిగ్‌లో ఉన్న చైనా లక్కపని తెర, ఆ ఇంటిని కట్టించిన జాషువా ఎడిస్‌బరీకి ఆయన పంపిన కానుకేనంటారు. యేల్ సమాధి రెక్సమ్ చర్చి ఆవరణలో ఉంది. ఎడిస్‌బరీ మాత్రం అప్పులపాలై ఇల్లు పోగొట్టుకున్నాడు.

బట్లరన్న ఉద్యోగం కూడా ఓడెక్కి మద్రాసుకి వచ్చింది. కలకత్తా దొరల ఇంట్లో పెద్ద నౌకరు ఖాన్‌సామా అయితే, మద్రాసు రాజధానిలో బట్లరే. మన కోస్తా జిల్లాల కలెక్టరు బంగళాల్లో కూడా ఆ పిలుపే. కానీ పేరొక్కటే వచ్చింది, తాళంచెవులు రాలేదు. 19వ శతాబ్దం చివర్లో ఫ్లోరా యానీ స్టీల్, గ్రేస్ గార్డినర్ కలిసి ఇండియాలో ఇల్లు నడపాల్సిన దొరసానుల కోసం రాసిన పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది. కొట్టుగది తాళం దొరసాని దగ్గరే ఉండాలి, రోజూ పొద్దున ఆమె ముందు నూనె, పిండి, పంచదార కొలిచి ఇవ్వాలి, బజారు పద్దు ఆ పూటే చూడాలి. ఇంగ్లండులో వెండి మొత్తం అప్పగించిన అదే వర్గం, ఇక్కడ సోలెడు పంచదార అప్పగించలేదు. మన బట్లర్లు కూడా ఊరుకోలేదు. బజారులో ప్రతి కొనుగోలు మీదా దస్తూరీ పేరుతో కమీషను తీసుకున్నారు. కొవ్వొత్తి ముక్కలకి ఇంగ్లీషు బట్లరు ఏ న్యాయం చెప్పాడో, దీనికీ అదే న్యాయం.

బట్లర్లు తమ గురించి తాము రాసుకున్నవి తక్కువ. అందుకే రాబర్ట్ రాబర్ట్స్ ముఖ్యుడు. మసాచుసెట్స్‌లో గోర్ ప్లేస్ అనే బంగళాలో, ఆ రాష్ట్రానికి గవర్నరుగా చేసిన క్రిస్టఫర్ గోర్ దగ్గర పనిచేసిన నల్లజాతి బట్లరు ఆయన. 1827లో బోస్టన్‌లో ఆయన రాసిన పనివాళ్ళ కరదీపిక అచ్చయింది. అమెరికాలో నల్లజాతి రచయిత రాయగా ప్రచురణకర్తలు వ్యాపారానికి వేసిన తొలి పుస్తకాల్లో అదొకటి. దీపాల వత్తులు కత్తిరించడం, బూట్లకి నల్లరంగు కాయడం, లెమనేడ్ కలపడం, అన్నీ అందులో ఉన్నాయి. ఈ వృత్తిలోకి రాబోయే ఇద్దరు కుర్రాళ్ళకి పెద్దవాడు చెప్తున్నట్టుగా రాశాడు. స్విఫ్ట్ వెటకారం పక్కన పెట్టుకుని ఇది చదివితే, ఒకే పని పైనుంచి ఎలా కనపడుతుందో, తొట్టి దగ్గర నిలబడితే ఎలా కనపడుతుందో తెలుస్తుంది.

ఇంగ్లండులో ఈ వ్యవస్థని కూల్చింది ఏ ఒక్కటీ కాదు. 1891 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళే 13 లక్షల పైన తేలారు. రెండు యుద్ధాలు, కార్ఖానా ఉద్యోగాలు, వారసత్వ పన్నులు వాళ్ళని తలో దారీ పట్టించాయి. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కు తయారుచేయడంతో, కత్తుల్ని రోజూ ఇటుకపొడితో తోమే పని కూడా మెల్లగా పోయింది. ఉన్న మంచి బట్లర్లకి మాత్రం గిరాకీ పెరిగింది. క్లివ్‌డెన్‌లో లేడీ ఆస్టర్ దగ్గర దశాబ్దాలు చేసిన ఎడ్విన్ లీ ఒకసారి విసిగిపోయి పని మానేస్తానన్నాడట. ఎక్కడ చేరుతున్నావో చెప్పు, నేనూ అక్కడికే వచ్చేస్తానని ఆవిడ జవాబు. ఆవిడ దగ్గరే పరిచారికగా చేసిన రోజినా హారిసన్ ఈ సంగతులన్నీ తర్వాత పుస్తకాల్లో రాసింది. బ్రిటిష్ పార్లమెంటు దిగువసభలో కూర్చున్న మొదటి మహిళ తన బట్లరు లేకుండా ఇల్లు నడపలేనని ఒప్పుకోవడం అది.

టీవీలో 'డౌన్‌టన్ ఆబీ' చూసినవాళ్ళు అందులోని బట్లరు కార్సన్ ప్యాంట్రీ చూద్దామని హైక్లియర్ కోటకి వెళితే నిరాశే. పై అంతస్తుల సన్నివేశాలు చాలావరకు అక్కడివే గానీ, పనివాళ్ళ గదులు లండన్ ఈలింగ్ స్టూడియోలో వేసిన సెట్లు. నిజం ప్యాంట్రీ కావాలంటే ఎర్డిగ్ లాంటి చోటికే వెళ్ళాలి.

వచ్చే వారం రెండో తాళంచెవుల గుత్తి దగ్గరికి, హౌస్‌కీపరు గదికి. ససెక్స్‌లోని అప్‌పార్క్‌లో 1880 నుంచి 1893 దాకా ఆ గుత్తి మోసినావిడ పేరు శారా వెల్స్. చివరికి ఆమెని పనిలోంచి తీసేశారు. ఆ నేలమాళిగలో సెలవులు గడిపిన ఆమె కొడుకు హెచ్.జి. వెల్స్, పైవాళ్ళ గురించి తనకి తెలిసిందంతా తర్వాత అచ్చువేసి పెట్టాడు.